యాప్ చేస్తే ఎంత వస్తుంది?



ఫోన్‌లో వాడే యాప్ ఒకటి తయారుచేసి, అందులో ప్రకటనలు పెట్టుకున్నవాళ్ళకి గూగుల్ కంపెనీ పోస్టులో ఒక ఉత్తరం పంపుతుంది. ఈమెయిల్ కాదు, ఎస్సెమ్మెస్ కాదు. పోస్ట్‌మ్యాన్ తెచ్చి చేతికిచ్చే అసలు సిసలు కాగితం ఉత్తరం. ఖాతాలో పది డాలర్లు జమ పడ్డాక అది బయల్దేరుతుంది. విప్పితే లోపల ఆరంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. ఆ సంఖ్య ఖాతాలో కొడితేనే ఫలానా చిరునామాలో ఫలానా మనిషి ఉన్నాడని కంపెనీకి నమ్మకం కుదురుతుంది. చేరడానికి కొన్ని వారాలు పడుతుందని వాళ్ళే చెబుతారు. మన పల్లెల్లో చిరునామా సంగతి మీకు తెలియంది కాదు. ఇంటి నంబరు ఒకటి ఉంటుంది గానీ దాంతో ఎవరికీ పనుండదు. ‘రామాలయం ఎదురు సందు, ఫలానావారి అబ్బాయి’ అని రాస్తే తప్ప ఉత్తరం గుమ్మం తొక్కదు. మన చందర్లపాడు ఊళ్ళో కూర్చుని యాప్ చేసే కుర్రాడు ముందుగా పరిచయం చేసుకోవలసింది పోస్ట్‌మ్యాన్‌నే.

పది డాలర్లంటే, డాలరు 85 రూపాయలు అనుకుంటే, 850 రూపాయలు. ఆ ఉత్తరం వచ్చిననాడు ఇంట్లో సందడే సందడి. డబ్బు మాత్రం అప్పుడే రాదు. వంద డాలర్లు నిండితేనే బ్యాంకులో వేస్తారు, అదీ మరుసటి నెల 21వ తేదీ దాటాక. ఆ పదికీ ఈ వందకీ మధ్య ఎంత దూరం ఉందో, చాలామంది ఎందుకు మధ్యలోనే ఆగిపోతారో ఈ కాసేపట్లో చెబుతాను.

పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి నన్ను ఈ సంగతి అడుగుతూనే ఉంటారు. ఆ మధ్య నందిగామ బస్టాండులో ఒక పత్తి రైతు పట్టుకున్నాడు. కొడుకు కంచికచర్లలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు.

“సార్, మావాడు యాప్ చేస్తాడంట. నెలకి లక్షల్లో వస్తాయంటున్నాడు. నిజమేనా?”

“వస్తాయండీ, ఎవరో ఒకరికి.”

“ఆ ఒకరు మావాడవుతాడా, అది చెప్పండి.”

అడగాల్సిన ప్రశ్న అదే. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ ‘ఒకరు’ ఎవరో చూడాలి.

వియత్నాంలో హనోయ్ నగరంలో డాంగ్ న్యుయెన్ అనే యువకుడు ఉండేవాడు. 2013 మే నెలలో ‘ఫ్లాపీ బర్డ్’ అనే చిన్న ఆట విడుదల చేశాడు. తెర మీద తడుతూ ఉంటే పిట్ట ఎగురుతుంది, గొట్టాల మధ్యనుంచి దూరిపోవాలి, తగిలితే ఆట అయిపోతుంది. అంతకుమించి అందులో ఏమీ లేదు. కొద్ది రోజుల్లో చేసేసిన ఆట అది. నెలల తరబడి దాని మొహం చూసినవాడు లేడు. ఉన్నట్టుండి 2014 జనవరిలో ప్రపంచమంతా దాని మీద పడింది. ప్రకటనల మీద రోజుకి 50 వేల డాలర్లు వస్తున్నాయని పత్రికలు రాశాయి. అప్పటి మారకంలో రోజుకి 30 లక్షల రూపాయల పైమాట. ఫిబ్రవరిలో ఆ యువకుడు తన ఆటను తనే తీసేశాడు. జనం దానికి బానిసలవుతున్నారని, తన ప్రశాంతమైన బతుకు పోయిందని అన్నాడు. ఎందుకు తీశాడన్నది ఇప్పటికీ జనం మాట్లాడుకుంటారు. నాకైతే అంతకుముందు గడిచిన ఆ ఎనిమిది నెలలే ఎక్కువ ఆలోచించదగ్గవి అనిపిస్తాయి. పిట్ట అదే, గొట్టాలు అవే. అన్ని నెలలు రానిది ఆ జనవరిలో ఎందుకు వచ్చిందో చేసినవాడు కూడా చెప్పలేడు. చెప్పలేనిదాన్ని మళ్ళీ చేసి చూపించమంటే ఎవరి తరం?

ఇంకో వింత కూడా ఉంది. ఆపిల్ కంపెనీ యాప్ స్టోరు తెరిచింది 2008 జులై 10న. మరుసటి నెలలోనే ఆర్మిన్ హైన్రిక్ అనే జర్మన్ ‘ఐ యామ్ రిచ్’ అని ఒక యాప్ పెట్టాడు. ధర దాదాపు వెయ్యి డాలర్లు. తెరిస్తే ఒక ఎర్రటి రత్నం మెరుస్తుంది. దానివల్ల ఒరిగేదేమీ లేదు, నా దగ్గర డబ్బుందని చూపించుకోవడానికే. కంపెనీ ఒక్క రోజులో దాన్ని తీసేసింది. అప్పటికే ఎనిమిది మంది కొన్నారు!

రత్నం అంటే గుర్తొచ్చింది. మన చందర్లపాడు మండలంలోనే గుడిమెట్ల ఉంది కదా. నాలుగు వానలు పడ్డాయంటే ఆ కొండ దిగువన జనం దిగిపోతారు. ఎక్కడెక్కడి జిల్లాలనుంచో పిల్లాజెల్లాతో, అన్నం మూటలతో వచ్చి, వంగి నేల చూసుకుంటూ వజ్రాలు వెతుకుతారు. ఫలానావాడికి దొరికిందట, లక్షలకి అమ్ముకున్నాడట అన్న కబురు కంచికచర్ల దాటి కోదాడ దాకా పోతుంది. నడుం నొప్పితో, రంగురాళ్ళ మూటతో తిరిగెళ్ళిన వాళ్ళ కబురు మాత్రం ఎవరికీ చేరదు. వాళ్ళూ చెప్పుకోరు. యాప్‌ల సంపాదన గురించి మన పిల్లల చెవిన పడే కబుర్లు సరిగ్గా ఇలాంటివే. తేడా అల్లా ఒక్కటే. గుడిమెట్లలో తిరిగెళ్ళినవాళ్ళని లెక్కపెట్టినవాడు లేడు, యాప్‌ల దగ్గర లెక్కపెట్టారు.

ఆ లెక్కలు చెబుతాను వినండి. 2014 జనవరిలో గార్ట్‌నర్ అనే సంస్థ ఒక అంచనా వేసింది. 2018 దాకా చూసుకుంటే, జనం వాడే యాప్‌లలో తయారుచేసినవాడి దృష్టిలో ఆర్థికంగా గట్టెక్కాయి అనదగ్గవి పదివేలకి ఒకటి కూడా ఉండవని. అదే ఏడాది విజన్‌మొబైల్ అనే పరిశోధన సంస్థ యాప్‌లకి ఒక పేదరికపు గీత గీసింది. ఒక్కో యాప్ మీద నెలకి 500 డాలర్లు. ఆండ్రాయిడ్ మీద పనిచేసే డెవలపర్లలో 64 శాతం, ఐఫోన్‌కి చేసేవాళ్ళలో 50 శాతం ఆ గీత కిందే ఉన్నారని తేలింది. ఇవి పాత లెక్కలు కదా అంటారేమో. 2024లో రెవిన్యూక్యాట్ అనే సంస్థ, చందా కట్టించుకునే యాప్‌లు దాదాపు 30 వేలు పరిశీలించి ఒక నివేదిక ఇచ్చింది. విడుదలైన ఏడాదికి, అన్నిటినీ వరుసలో నిలబెడితే నట్టనడుమ నిలబడిన యాప్ నెల రాబడి 50 డాలర్లకి లోపే. నెలకి వెయ్యి డాలర్లు ముట్టినవి 17 శాతం. అయితే ఆ వెయ్యి దాటినవాటిలో సగానికి పైగా రెండున్నర వేలు కూడా దాటాయి. అంటే మొదటి మెట్టు దగ్గరే అసలు గండం. ఇంకో సంగతి మరిచిపోవద్దు, ఈ రెవిన్యూక్యాట్ లెక్కలన్నీ డబ్బు అడిగే ధైర్యం చేసిన యాప్‌లవి. ఉచితంగా పెట్టేసి ప్రకటనల కోసం ఎదురుచూసేవి ఇందులో లేవు.

ఇక మన ఊరి లెక్క వేద్దాం. మన రైతులకోసం మిర్చి ధరల యాప్ ఒకటి చేశాం అనుకుందాం. గుంటూరు యార్డులో తేజ రకం ఎంత, 334 రకం ఎంత, బ్యాడిగి ఎంత, తాలుకాయ ఎంత పలికింది, పొద్దున్నే ఫోన్‌లో కనిపించాలి. పనికొచ్చే యాపే.

ప్లే స్టోరులో పెట్టాలంటే ముందుగా 25 డాలర్లు కట్టాలి. ఒక్కసారే, రెండు వేల చిల్లర. ఆపిల్ వాళ్ళయితే ఏటా 99 డాలర్లు అడుగుతారు కాబట్టి ఆ ఊసు వదిలేద్దాం. మిర్చి రైతుల చేతిలో ఐఫోన్లు ఎన్నని! కట్టగానే అయిపోలేదు. 2023 నవంబరు 13 తర్వాత సొంత పేరుతో ఖాతా తెరిచినవాళ్ళు, యాప్‌ను అందరికీ విడుదల చేసేముందు కొంతమందితో 14 రోజులు ఏకబిగిన వాడించి చూపించాలి. మొదట 20 మంది కావాలన్నారు, తర్వాత 12కి తగ్గించారు. పన్నెండు మంది అంటే తేలికే అనిపిస్తుంది. బాబాయిని, మేనమామని, హాస్టల్ గది కుర్రాళ్ళని బతిమాలి చేర్పించాక, అయిదో రోజున మేనమామ ఫోన్‌లో చోటు లేదని మన యాప్ తీసేస్తాడు. ఆయన పెళ్ళి వీడియోలు మాత్రం అలాగే ఉంటాయి. ఇంకొకరిని వెతుక్కోవాలి.

సరే, విడుదలైంది. ముప్పాళ్ళ, కొడవటికల్లు, తోటరావులపాడు, ఏటూరు, అటు వత్సవాయి, పెనుగంచిప్రోలు దాకా మాట పాకి అయిదు వేల మంది పెట్టుకున్నారు. అది చాలా పెద్ద విజయం, తక్కువ అనుకోకండి. పెట్టుకున్నవాళ్ళంతా రోజూ తెరవరు. రోజుకి 500 మంది తెరిచారనుకుందాం. ఒక్కొక్కరికి రెండు ప్రకటనలు కనిపిస్తే రోజుకి వెయ్యి. ప్రకటనల డబ్బు వెయ్యిసార్లు కనిపిస్తే ఇంత అని కడతారు. మన దేశంలో తెర అడుగున చిన్న పట్టీలా కనిపించే ప్రకటనకి ఆ రేటు బాగా తక్కువ. వెయ్యికి 20 రూపాయలు వేసుకుందాం. రోజుకి 20, నెలకి 600. వంద డాలర్లు, అంటే 8,500 నిండాలంటే పద్నాలుగు నెలలు దాటాలి. మిరప కోతకి వెళ్ళినా ఆ నెల డబ్బు రెండు మూడు రోజుల్లో చేతికొస్తుంది.

పోనీ ఆ పద్నాలుగు నెలలైనా ఒకే తీరుగా నడుస్తాయా? మిర్చి ధర ఎవరికి కావాలి? కాయ కల్లంలో ఉన్నవాడికి. ఫిబ్రవరి నుంచి మే దాకా రోజుకి నాలుగుసార్లు తెరుస్తారు. నారు పోసే రోజుల్లో మన యాప్ మొహం ఎవరూ చూడరు. రైతుకి పంట చేతికి రాని నెలల్లో మనకీ రాబడి ఉండదన్నమాట.

ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పాలి, ఎందుకంటే మన వైపు ప్రేమలు ఎక్కువ. ‘మావాడికి రెండు రూపాయలు వస్తాయి’ అని స్నేహితులంతా కూర్చుని ఆ ప్రకటనల మీద టకటకా నొక్కుతారు. అది దొంగ నొక్కుడని కంపెనీ యంత్రం ఇట్టే పసిగడుతుంది. ఖాతా మూసేస్తారు, జమ అయింది కూడా పోతుంది. సొంత యాప్‌లో ప్రకటనని సొంతవాడు నొక్కకూడదు, అయినవాళ్ళ చేత నొక్కించకూడదు.

కుర్రాళ్ళు కాగితం మీద వేసే లెక్క ఒకటుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు భయమేస్తుంది. ‘తెలుగువాళ్ళు 8 కోట్లు సార్, 2011 జనాభా లెక్కలే చెప్పాయి. అందులో ఒక్క శాతం నా యాప్ కొంటే 8 లక్షల మంది. తలా పది రూపాయలు, 80 లక్షలు!’ గుణకారంలో తప్పేమీ లేదు. ఆ ‘ఒక్క శాతం’ ఎక్కడినుంచి ఊడిపడుతుందన్నదే ఎవరూ చెప్పరు. చందర్లపాడు సెంటర్లో నిలబడి, ముక్కూ మొహం తెలియని పది మందిని ఆపి, ఒక్కొక్కరి చేత పది రూపాయలు పెట్టించి యాప్ కొనిపించి చూడమంటాను. నెల నెలా రీచార్జికి మూడొందలు కట్టే చెయ్యి, యాప్‌కి పది రూపాయలంటే వెనక్కి పోతుంది. మనం పిసినారులమని కాదు. ఇంతవరకూ ఫోన్‌లో మనకి పనికొచ్చినవన్నీ ఉచితంగా వచ్చినవే.

ఉచితంగా ఇచ్చినవాళ్ళలో మహానుభావులున్నారు. కంప్యూటర్‌లో తెలుగు రాయడమే గగనమైన రోజుల్లో తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన పేర్లతో ఖతులు, అంటే ఫాంట్లు, తయారుచేసి ఊరికే ఇచ్చారు. వీవెన్ గారు ‘లేఖిని’ చేసి ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడేలా చేశారు. ఎవరి దగ్గరా పైసా అడగలేదు. రాజస్థాన్‌లో అల్వార్‌కి చెందిన ఇమ్రాన్ ఖాన్ అనే బడి పంతులు పిల్లల చదువు కోసం యాభైకి పైగా యాప్‌లు చేసి ఉచితంగా పెట్టాడు. 2015 నవంబరులో లండన్ వెంబ్లీ సభలో ప్రధానమంత్రి ఆయన పేరు చెప్పేదాకా పక్క వీధికి కూడా ఆయన సంగతి పెద్దగా తెలియదేమో. వీళ్ళకి ఉద్యోగమో వృత్తో వేరే ఉంది. ఇది వాళ్ళ ఇష్టం, వాళ్ళ సేవ. ఇలాంటి మంచి సరుకు ఊరికే దొరికే అంగడిలో, పొట్టకూటికోసం అదే సరుకు అమ్మబోయే కుర్రాడికి బేరం కష్టం.

మరి తెలుగు యాప్ మీద డబ్బే లేదా? ఉంది, కాకపోతే అది వేరే ఊళ్ళో ఉంది. ప్రకటన రేటు, దాన్ని చూసేవాడు ఎక్కడున్నాడన్న దాన్నిబట్టి ఉంటుంది. డాలస్‌లో కూర్చున్న తెలుగావిడకి కనిపించిన ప్రకటన కొడవటికల్లులో కనిపించిన ప్రకటనకి ఎన్నో రెట్లు తెచ్చిపెడుతుంది. పైగా ఆవిడకి మనకి లేని అవసరం ఒకటుంది. తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు వెళ్తుందో, ఏ రోజున పండగ చేసుకోవాలో అక్కడి గడియారం ప్రకారం, అక్కడి సూర్యోదయాన్నిబట్టి చూసుకోవాలి. ఇక్కడ అమ్మకి ఫోన్ చేసి ‘ఏకాదశి ఎప్పుడమ్మా’ అని అడిగితే వచ్చే జవాబు అక్కడ సరిపోదు. రాహుకాలమూ అంతే, దుర్ముహూర్తమూ అంతే. ఊరూరికీ వేరుగా లెక్కకట్టి చూపించే పంచాంగం యాప్‌కి ఆవిడ నాలుగు డాలర్లు పెట్టడానికి వెనకాడదు. మనకి గోడకి వేలాడే క్యాలెండర్‌ని ఎరువుల కొట్టువాడు ఊరికే ఇస్తాడు.

డబ్బు పెట్టి కొన్నా అంతా మన చేతికి రాదు. స్టోరువాళ్ళ వాటా మొదట్లో నూటికి 30 ఉండేది. గొడవలు అయ్యాక, ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా అమ్ముకునే చిన్నవాళ్ళకి 15కి తగ్గించారు. ఆపిల్ 2021 జనవరిలో, గూగుల్ అదే ఏడాది జులైలో. తమ చెల్లింపు పద్ధతే వాడాలని బలవంతపెట్టినందుకు మన దేశపు కాంపిటిషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కి 936 కోట్ల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ దాన్ని 216 కోట్లకి తగ్గించింది. పెద్ద పెద్ద కంపెనీలకి ఇది పెద్ద యుద్ధం. నెలకి 600 వచ్చేవాడికి 30 అయినా 15 అయినా పెద్ద తేడా పడదు. వాడి కష్టం వాటా దగ్గర లేదు, కొనేవాడు లేకపోవడం దగ్గర ఉంది.

కొనేవాడు నందిగామలోనే, జగ్గయ్యపేటలోనే ఉన్నాడని నాకు అనిపిస్తుంది, కాకపోతే అతను ప్లే స్టోరులో వెతకడు. ఎరువులు, పురుగుమందుల కొట్టు తీసుకోండి. జులైలో రైతు పది వేల సరుకు అప్పు మీద పట్టుకెళ్తాడు. సెప్టెంబరులో ఇంకో నాలుగు వేలది. జనవరిలో పత్తి అమ్మి అయిదు వేలు కడతాడు. మార్చిలో మిర్చి అమ్మాక లెక్క తేల్చుకుంటారు. నూటికి రెండు రూపాయల వడ్డీ, తెచ్చిన రోజునుంచా, నెల నిండినప్పటినుంచా, మధ్యలో కట్టింది అసలుకి జమా, వడ్డీకి జమా? కొట్లో జరిగే తగాదాల్లో సగం దీని గురించే. ఖాతాబుక్ లాంటి యాప్‌లున్నాయి. నిజానికి దాన్ని మొదట చేసింది వైభవ్ కల్పే అనే ఒక్క డెవలపరే, తర్వాత ఒక కంపెనీ కొనుక్కుని పెంచింది. ఎవరు ఎంత బాకీయో అది చూపిస్తుంది. మన కొట్లో వడ్డీ కట్టే ఈ పద్ధతి దేశమంతటికీ ఒకే యాప్ చేసేవాడికి పట్టదు. ఈ వడ్డీ లెక్క రూపాయి తేడా లేకుండా వేసి, తెలుగులో చీటీ అచ్చేసి రైతు చేతిలో పెట్టే యాప్‌కి కొట్టాయన నెలకి మూడొందలు ఎందుకివ్వడు? అలాంటి కొట్లు ముప్ఫై దొరికితే నెలకి తొమ్మిది వేలు. నేరుగా ఫోన్‌పేలో వస్తాయి, ఎవరికీ వాటా లేదు, పోస్టులో ఉత్తరం కోసం ఎదురుచూడక్కర్లేదు. మన మిర్చి యాప్ పదిహేను నెలలు ఆడితే వచ్చేది ముప్ఫై మంది ఒక్క నెలలో ఇస్తారు.

ఇందులో కష్టమేమీ లేదని నేననను. కంప్యూటర్ ముందు కూర్చునే పని సగమే. మిగతా సగం బండేసుకుని కొట్టు కొట్టుకీ తిరగడం, గుమాస్తాకి నేర్పడం, ఆయన నోటుపుస్తకంలో ఉన్న పాత బాకీలు దగ్గర కూర్చుని ఎక్కించడం. మొదటి మూడు నెలలు కొట్టాయన రెండు చోట్లా రాస్తాడు, పుస్తకంలోనూ ఫోన్‌లోనూ. రెండూ సరిపోయిననాడే డబ్బు కడతాడు. ఆ తర్వాత మనల్ని వదలడు. ఫోన్ మార్చినా మనకే ఫోను, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా మనకే ఫోను. రాత్రి పది గంటలకి, ‘బాబూ, ఇక్కడ రైతు కూర్చున్నాడు, బాకీ చూపించట్లేదు’ అంటాడు. మనవాడికి తెల్లారితే సెమిస్టర్ పరీక్ష. అయినా లేచి చూడాల్సిందే, ఎందుకంటే అవతల కూర్చున్న రైతు కూడా మార్కెట్ నుంచి లారీ దిగి నేరుగా వచ్చాడు, డబ్బు జేబులో ఉంది.